గని బ్లాస్టింగ్‌కు బీటలు వారిన ఇంటికి పరిహారం ఎందుకు ఆగుతుంది? సమస్య - పరిష్కారం

సమస్య: మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని రాజురా, బల్లార్పూర్ చుట్టుపక్కల ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచి తవ్వే) బొగ్గు గనుల దగ్గరి ఊళ్లలో, బ్లాస్టింగ్ వల్ల గోడలు బీటలు వారాయని దరఖాస్తు పెట్టుకున్నవారికి నెలల తరువాత "నష్టానికి గనితో సంబంధం లేదు" అన్న ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది.

ఎంతమందికి చెప్పినా వదిలేస్తున్న మొదటి పని, బీట ఎప్పుడు ఎంత పెరిగిందో రాసిపెట్టుకోవడం. బీట కొసన పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. దానికి అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు కొసలా సిమెంటుతో అతికించండి. మన నల్లరేగడి ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది కనుక, ఆ నేల వల్ల వచ్చిన బీట సాధారణంగా కాలాన్ని బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. గాజు బ్లాస్టింగ్ జరిగిన పూటే పగిలితే ఆ తేదీ, సమయం మీకు ఆధారం.

గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997 సర్క్యులర్ ప్రకారం, గని యజమానివి కాని ఇళ్ల దగ్గర కంపన వేగం, పౌనఃపున్యం 8 హెర్ట్జ్ లోపైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 వరకు 10, ఆపైన 15 మించకూడదు. ప్రభుత్వ రంగ గనిని సమాచార హక్కు చట్టం కింద ఆ తేదీల కంపన రీడింగులతో పాటు, కొలిచే యంత్రాన్ని ఏ ఇంటి దగ్గర పెట్టి కొలిచారో కూడా అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అసలు దెబ్బ తగిలేది మరోచోట. దాన్ని గుర్తించలేక నేను ఇద్దరి కేసులు పోగొట్టాను. బీటలు వారిన గోడ వానాకాలంలో ఒరిగిపోతే, తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) వచ్చి ప్రకృతి విపత్తు సాయానికి పంచనామా రాస్తారు. పిల్లలు తడుస్తున్నప్పుడు ఆ సాయం తీసుకోవలసిందే. అయితే మరాఠీలో రాసిన ఆ కాగితంలో కారణం దగ్గర "అతివృష్టీముళే పడఝడ్", అంటే అధిక వర్షం వల్ల కూలిందని ఉంటుంది. మన పెద్దవాళ్లలో చాలామందికి మరాఠీ మాట్లాడటం వచ్చినా చదవడం రాదు కనుక, అడుగున సంతకమో వేలిముద్రో వేసేస్తారు. ఆ తరువాత గని వాళ్లు అదే కాగితం బయటికి తీసి, ఇల్లు వానకే పడిందని యజమాని ఒప్పుకున్నాడని చూపుతారు.

అందుచేత సంతకానికి ముందు, మరాఠీ బడికి వెళ్లే పిల్లలతోనైనా పంచనామాను అక్షరం వదలకుండా చదివించుకోండి. బీటలు వానకు ముందే ఉన్నాయని, బ్లాస్టింగ్‌తో పెరిగాయని చేర్చమనండి. చేర్చకపోతే "కారణం నాకు సమ్మతం కాదు" అని సంతకం పక్కనే రాసి ఫోటో తీసుకోండి.

చెట్ల వేళ్లు, పునాది కింద పైపు కారడం వల్ల కూడా బీటలు రావచ్చు. వాటినీ ఒకసారి చూసుకోండి. నేలే కుంగుతుంటే మాత్రం బీటల లెక్క పక్కనపెట్టి వెంటనే ఇల్లు ఖాళీ చేయాలి. 2022 ఆగస్టులో ఘుగూస్‌లో ఒక ఇల్లు ఇల్లుగానే భూమిలోకి దిగిపోయింది.

ఇప్పటికే సంతకం చేసినవారు పంచనామా నకలు తీసుకుని, తేదీల లెక్క జతచేసి తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, మీ కాపీ మీద ఆవక్ ముద్ర (కాగితం అందిందని ఆఫీసు వేసే ముద్ర), తేదీ వేయించుకోవాలి.