విదేశీ కోడలికి భారత పౌరసత్వం: నెల్లూరు, ఒంగోలులో దరఖాస్తు ఎలా?

మనలో చాలామందికి పౌరసత్వం పుట్టుకతోనే వస్తుంది, దరఖాస్తుతో పని లేదు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ దేశంలో పుట్టినవాళ్లు దాదాపు అందరూ పౌరులే. ఆ తర్వాత పుట్టినవాళ్లకు అమ్మానాన్నల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకో షరతు చేరింది: రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు.

దరఖాస్తు అవసరం పడేది ఎవరికంటే, కావలి అబ్బాయిని పెళ్లాడి ఇక్కడే కాపురం పెట్టిన మలేషియా తెలుగమ్మాయి లాంటివాళ్లకు. తాళి కట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. చేతిలో ఆధార్ ఉంది కదా అంటారు కొందరు. ఆధార్ గుర్తింపు కార్డు మాత్రమే, పౌరసత్వానికి రుజువు కాదని దాని చట్టమే చెబుతోంది. విదేశీ అల్లుడికైనా రూలు ఇదే.

1955 పౌరసత్వ చట్టం 5వ సెక్షన్ కింద, భారతీయుల భర్త లేదా భార్య ఏడేళ్లు ఇక్కడ నివసించాక రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయవచ్చు. అసలు టెన్షన్ ఈ ఏడేళ్ల లెక్కతోనే. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు విడవకుండా దేశంలోనే ఉండాలి. అంతకు ముందున్న ఎనిమిదేళ్లలో మొత్తం కలిపి ఆరేళ్లకు తగ్గకూడదు. మధ్యలో వెళ్లొచ్చిన రోజులు ఆ ఎనిమిదేళ్లలో పడితే తీసేసి మిగతావి కూడుకోవచ్చు. చివరి ఏడాదిలో పడితేనే చిక్కు. పురుడుకు పుట్టింటికి పంపడం మనకు ఆనవాయితీ కాబట్టి ముందే చెబుతున్నా: కౌలాలంపూర్ వెళ్లొస్తే, తిరిగొచ్చి ఏడాది నిండాకే దరఖాస్తు పెట్టండి. పాస్‌పోర్టులోని ఇమ్మిగ్రేషన్ ముద్రలు చూసి, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఒక కాగితం మీద వరుసగా రాసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

పురుడు అక్కడే పోసుకుంటే బిడ్డ సంగతి వేరు. తండ్రి భారతీయుడే అయినా, ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని అమ్మానాన్నలు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి.

దరఖాస్తు కేంద్ర హోంశాఖ పౌరసత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో నింపాలి. చెల్లుబాటులో ఉన్న విదేశీ పాస్‌పోర్టు, వీసా లేదా నివాస అనుమతి, భర్త భారతీయుడని చూపే కాగితం, పెళ్లి సర్టిఫికెట్, అఫిడవిట్లు సిద్ధంగా ఉంచుకోవాలి. పెళ్లి ఫొటోలు, శుభలేఖ సరిపోవు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించి ఉండాలి. అక్కడే పేర్లు ఒకసారి సరిచూసుకోండి. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో పూర్తిగా, విడిగా ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్‌లో ‘కె.’ అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ముందే చేయించడం నయం.

తర్వాత ప్రింటు, కాగితాలతో నెల్లూరు వాళ్లు నెల్లూరు కలెక్టరేట్‌కు, ప్రకాశం వాళ్లు ఒంగోలు కలెక్టరేట్‌కు వెళ్లాలి. ఇచ్చినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి. పోలీసుల విచారణ జరుగుతుంది, ఇరుగుపొరుగును అడిగినా అడుగుతారు. ఫైలు రాష్ట్ర ప్రభుత్వం మీదుగా కేంద్ర హోంశాఖకు చేరుతుంది, నిర్ణయం అక్కడిదే. ఈలోగా వీసా గడువు దాటనివ్వకండి. దరఖాస్తు పెట్టాం కదా అని పొడిగింపు మానేస్తే లేని తలనొప్పి తెచ్చుకున్నట్టే.

అంగీకార పత్రం వచ్చాకే పాత పౌరసత్వం వదులుకోండి. ముందే వదులుకుంటే రెంటికీ చెడ్డ రేవడి. మనకు రెండు దేశాల పౌరసత్వం కుదరదు కనుక ఆ వదులుకున్న పత్రం తప్పనిసరిగా సమర్పించాలి. రాజ్యాంగానికి విధేయత ప్రమాణమూ చేయాలి. సర్టిఫికెట్ వచ్చాక ఫారం 6 నింపి ఓటు నమోదు చేయించుకోవచ్చు, భారత పాస్‌పోర్టుకూ దరఖాస్తు చేసుకోవచ్చు.