వాట్సాప్, రీల్స్ మీద డిసర్టేషన్ చేస్తున్నారా? గూగుల్ ఫారం వదిలే ముందు ఒకసారి ఇది చదవండి

ప్రతి ఏడాదీ పీజీ ఫైనలియర్ వాళ్ళ ప్రాజెక్టుల టైమ్ వచ్చిందంటే నా వాట్సాప్‌లో గూగుల్ ఫారాల వాన. "యువతపై సోషల్ మీడియా ప్రభావం", లేదంటే "గ్రామీణ యువతపై సోషల్ మీడియా ప్రభావం", కింద "అన్నా రెండు నిమిషాలు ప్లీజ్, మీ గ్రూపుల్లో కూడా షేర్ చేయండి". నింపుతా, షేర్ కూడా చేస్తా, గైడ్ వెనకపడితే ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి. కానీ ఆ ఫారంలో తేలేది ఏంటంటే మీ ఫ్రెండ్స్, వాళ్ళ ఫ్రెండ్స్ సోషల్ మీడియా గురించి ఏమనుకుంటున్నారో అంతే. ప్రభావం ఉందా లేదా అనేది అందులో తేలదు. సోషియాలజీ, జర్నలిజం, ఎకనామిక్స్, ఏదైనా సరే, చేతిలో డబ్బుల్లేకుండా నాలుగైదు నెలల్లో ఈ టాపిక్ మీద కాస్త నిలబడే పని ఎలా చేయొచ్చో నాకు తెలిసినంత చెప్తా.

ముందు టాపిక్‌ని చిన్నది చేయండి. డ్వాక్రా సంఘం లీడర్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడం, ఇంటర్ కుర్రాడు అర్ధరాత్రి దాకా రీల్స్ చూడటం, డల్లాస్‌లో ఉన్న కొడుకుతో అమ్మ వీడియో కాల్ మాట్లాడటం, ఈ మూడింటినీ "సోషల్ మీడియా వాడకం" అని ఒకే గాటన కట్టేస్తే ఏం తేలుతుంది చెప్పండి? ఎవరు, ఏ యాప్‌లో, ఏం చేస్తుంటే, దేని మీద ప్రభావం చూస్తున్నారు, ఈ నాలుగూ ఒక్క వాక్యంలో పట్టాలి. పట్టకపోతే ఇంకా టాపిక్ దొరకలేదనే లెక్క.

తర్వాత అసలు సంగతి, పోలిక. ఫోన్ వచ్చాక జీవితం మారిందా అని అడిగితే అందరూ మారింది అనే అంటారు, దాంతో మీకు ఒరిగేదేం లేదు. రాబర్ట్ జెన్సెన్ అనే ఎకనామిస్ట్ ఏం చేశాడో చూడండి, పేపర్ 2007లో వచ్చింది, ఇంటర్నెట్ కూడా కాదు మామూలు సెల్‌ఫోన్. కేరళ తీరంలో సార్డీన్ చేపలు పట్టేవాళ్ళు ఫోన్లు లేనప్పుడు దగ్గర్లో ఉన్న ఒడ్డుకే వచ్చి అమ్ముకునేవాళ్ళు. ఒక ఒడ్డున సరుకు ఎక్కువై కొనేవాళ్ళు లేక చేపలు పారబోసేవాళ్ళు, కొన్ని కిలోమీటర్ల అవతల ఇంకో ఒడ్డున చేపలు దొరక్క ధర మండిపోయేది. 1997 నుంచి 2001 మధ్యలో ఆ తీరంలో టవర్లు వచ్చాయి, కానీ అన్నిచోట్లా ఒకేసారి రాలేదు, ఒక్కో ఏరియాకి ఒక్కో టైమ్‌లో వచ్చాయి. కిటుకంతా అక్కడే ఉంది. ఫోన్ వచ్చిన చోటుని ఇంకా రాని చోటుతో పోల్చి చూడొచ్చు. 15 ఒడ్డుల్లో వారం వారం ధరలు రాసుకుంటూ పోయాడు. ఫోన్ వచ్చిన చోటల్లా ఒడ్డుకీ ఒడ్డుకీ ధరల్లో తేడా బాగా తగ్గిపోయింది, పారబోయడం దాదాపు ఆగిపోయింది, చేపలు పట్టేవాళ్ళ లాభం ఓ 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర ఓ 4 శాతం తగ్గింది. ఎవర్నీ "ఫోన్ మీద మీ అభిప్రాయం ఏంటి" అని అడిగి తేల్చింది కాదు ఇది.

మీరు ఏళ్ళ తరబడి ధరలు రాసుకోలేరు, నిజమే. కానీ ఇలాంటి సందులు మన చుట్టూ కూడా ఉన్నాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ అయింది, ఒక్క రాత్రిలో. అప్పటిదాకా అందులో వీడియోలు చేసిన మీ జిల్లా వాళ్ళు ఏమయ్యారు, ఎవరు యూట్యూబ్‌కి, ఇన్‌స్టాకి వెళ్ళి నిలదొక్కుకున్నారు, ఎవరు ఆపేశారు, ఆపేసినవాళ్ళలో ఆడవాళ్ళెంతమంది, ఇదొక్కటే మంచి డిసర్టేషన్ అవుతుంది. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో నెట్ ఆపేశారు, గోదావరి అవతల మాత్రం నడుస్తూనే ఉంది. అప్పుడు చిన్న షాపులవాళ్ళకి, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఏమైందో రెండు వైపులా తిరిగి కనుక్కోవచ్చు. నన్నడిగితే ఈ రెండోది ఇంకా బాగుంటుంది.

ఇక లెక్క సంగతి. "రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తారు" అనే ప్రశ్న తీసేయండి. జనం చెప్పే టైమ్‌కీ ఫోన్‌లో రికార్డయ్యే టైమ్‌కీ అంతంతమాత్రమే పొంతన ఉంటుందని 2021లో చాలా స్టడీలు కలిపి చూసి మరీ తేల్చారు. అబద్ధం చెప్తారని కాదు, గుర్తుండదు. మా పక్కింటి పిన్నిగారు "ఎక్కడమ్మా తీరిక, మహా అయితే అరగంట" అన్నారు, ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ ఓపెన్ చేస్తే యూట్యూబ్ ఒక్కటే మూడు గంటలు దాటి ఉంది. ఆవిడ కాసేపు ఆలోచించి, "అదా, వంట చేస్తున్నప్పుడు ప్రవచనం పెట్టి పక్కన పడేస్తా కదా" అన్నారు. ఆ మూడు గంటలు చూసినట్టా, విన్నట్టా, అసలు వాడినట్టేనా? అందుకని ఎదురుగా కూర్చుని, అడిగి, వాళ్ళ చేతే ఆ స్క్రీన్ ఓపెన్ చేయించి, ఒక్కో యాప్ దగ్గర ఆగి "ఇది ఎప్పుడు, ఏం చేస్తూ" అని మాట్లాడించండి. ఇలా పాతికమందితో మాట్లాడినా ఐదొందల ఫారాల కన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఫారం మీద నాకున్న ఇంకో కోపం, అది చేరనివాళ్ళ గురించి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. దేశం మొత్తం మీద చూస్తే ఆడవాళ్ళు 33 శాతం, మగవాళ్ళు 57 శాతం. ఆ తర్వాత పెరిగే ఉంటుంది, అయినా సరే లింకు పంపి "గ్రామీణ మహిళలు" అని టైటిల్ పెట్టడం న్యాయం కాదు. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనందరికీ తెలుసు. నేరుగా ఇళ్ళకి వెళ్ళండి, మధ్యాహ్నం పూట వెళ్ళండి.

డేటా డౌన్‌లోడ్ చేసుకుందాం అనుకునేవాళ్ళకి: ట్విట్టర్ (ఇప్పుడు ఎక్స్) రీసెర్చర్లకి డేటా తీసుకోవడానికి ఫ్రీగా ఇచ్చిన దారి 2023లో మూసేసింది, ఫేస్‌బుక్ పోస్టులు చూసుకునే క్రౌడ్‌టాంగిల్‌ని మెటా 2024 ఆగస్టులో ఎత్తేసింది. పాత పేపర్లు చూసి అదే పద్ధతి ప్లాన్ చేసుకుంటే మధ్యలో ఇరుక్కుంటారు. యూట్యూబ్ కామెంట్లు ఇంకా తీసుకోవచ్చు. కానీ మనవాళ్ళు సగం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఒకే మాటకి పది స్పెల్లింగులు, పైగా వెటకారం. "వామ్మో ఏం యాక్టింగ్ అన్నా" అంటే పొగిడాడా తిట్టాడా అని సాఫ్ట్‌వేర్‌ని అడిగి లాభం లేదు. మూడు నాలుగొందలు తీసుకుని మీరూ మీ ఫ్రెండూ విడివిడిగా చదివి గుర్తులు పెట్టి, తర్వాత ఎంతవరకు కలిశాయో చూసుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో దొంగచాటుగా చేరి స్క్రీన్‌షాట్లు తీయొద్దు. ఫేస్‌బుక్ 2012 జనవరిలో ఒక వారం పాటు 6,89,003 మందికి చెప్పకుండా వాళ్ళ ఫీడ్‌లో కొందరికి సంతోషం పోస్టులు, కొందరికి బాధ పోస్టులు తగ్గించి చూసింది. 2014లో పేపర్ రాగానే ఎంత గొడవైందో వెతికి చదవండి. తీరా చూస్తే వాళ్ళ మూడ్ మీద దొరికిన ప్రభావం చాలా చాలా చిన్నది. గ్రూప్ అడ్మిన్‌ని అడగండి, గ్రూపులో కూడా చెప్పండి, పేర్లూ నంబర్లూ తీసేయండి.

చదివేటప్పుడు కూడా ఒకటి. ఒంటరితనం గురించి రాసే ప్రతివాళ్ళూ రాబర్ట్ క్రౌట్ అనే అమెరికా రీసెర్చర్ 1998 పేపర్ పెడతారు, పిట్స్‌బర్గ్‌లో 73 ఇళ్ళలో 169 మందిని చూసి ఇంటర్నెట్ వాడకం పెరిగేకొద్దీ ఒంటరితనం కొద్దిగా పెరిగింది అన్నది. క్రౌట్ టీమే తర్వాత ఆ ఇళ్ళవాళ్ళని మళ్ళీ అడిగితే ఆ ప్రభావం చాలావరకు పోయిందని 2002లో రాసుకున్నారు, దాన్ని మాత్రం ఎవరూ పెట్టరు. రెండూ పెట్టండి. మంచీ చెడూ కలిసే వస్తాయి కూడా. 2018 అమెరికా ఎన్నికల ముందు డబ్బులిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించిన స్టడీలో జనానికి రోజుకి ఓ గంట మిగిలింది, మనసు కాస్త కుదుటపడింది, వార్తలు తెలియడం మాత్రం తగ్గింది.

చివర్లో "సూచనలు" చాప్టర్ ఎలాగూ తప్పదు, అందులో "అవగాహన సదస్సులు నిర్వహించాలి" అని కళ్ళు మూసుకుని రాసేయకండి. సుమిత్రా బద్రీనాథన్ అనే రీసెర్చర్ 2019 ఎన్నికల టైమ్‌లో బీహార్‌లో 1,224 మందితో సరిగ్గా దీన్నే పరీక్షించారు, ఇంటికెళ్ళి దాదాపు గంటసేపు తప్పుడు వార్తలు ఎలా పట్టుకోవాలో నేర్పించారు. తర్వాత చూస్తే సగటున పెద్ద తేడా ఏమీ కనపడలేదు. కాబట్టి మీ పాతికమంది దగ్గర మీరు నిజంగా చూసిందేదో దాన్నుంచి వచ్చే సూచన ఒక్కటుంటే రాయండి. లేదంటే, ఇంకా ఏం చూడాలో రాసి గైడ్‌కి చూపించండి, ఆయన ఒప్పుకోకపోతే ఈ బీహార్ పేపర్ ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి.