కంట్రీ స్టేషన్‌లో పాత పాటలు, కొత్త పాటలు పొసగకపోతే: సమస్య – పరిష్కారం

అమెరికాలో కంట్రీ సంగీతం వేసే రేడియో స్టేషన్‌కి "పాతవి ఎక్కువయ్యాయి", "ఎప్పుడు పెట్టినా అదే పాట" అని ఫోన్లు రాగానే స్టేషన్ వాళ్లు పాటల జాబితా మీద పడతారు. పది తీసి పది పెడతారు. నెల తిరిగేసరికి మళ్లీ అవే ఫోన్లు. తప్పు చాలాసార్లు పాటల్లో ఉండదు, గంట క్లాక్‌లో (గంటలో ఏ రకం పాట ఎప్పుడు రావాలో చెప్పే పట్టిక), కేటగిరీ లెక్కలో ఉంటుంది. ఏ పాటా ముట్టుకోకుండా ముందు రెండు వారాల లాగ్ (ఏ పాట ఎప్పుడు పడిందో ఆ చిట్టా) తీయండి.

కింద లెక్కలన్నీ గంటకు 13 పాటల క్లాక్ మీద: పవర్ (బాగా నడుస్తున్న హిట్లు) 2, మీడియం 2, కొత్తవి 1, రికరెంట్ (ఇటీవలే చార్ట్ దిగినవి) 3, గోల్డ్ (పాతవి) 5.

ఒకే పాట రోజూ ఒకే వేళకు వస్తోంది

కారణం: పవర్‌లో 8 పాటలు పెట్టి గంటకు 2 వేస్తే చుట్టు (అన్నీ ఒక్కోసారి వచ్చేందుకు పట్టే సమయం) 4 గంటలు. 24లో 4 శేషం లేకుండా పోతుంది కాబట్టి ఉదయం 7:10కి కారెక్కే మనిషి సోమవారం విన్న పాటే శుక్రవారం దాకా వింటాడు. అతను విన్నది రోజుకు ఒక్కసారే, అయినా "పొద్దస్తమానం ఇదే" అనిపిస్తుంది.

పరిష్కారం: 7 గానీ 9 గానీ పెట్టండి. 7 అయితే చుట్టు మూడున్నర గంటలు, వారానికి ఒక్కో పాట 48 సార్లు, రోజుకు అరగంట చొప్పున పక్కకు జరుగుతుంది.

గోల్డ్‌లో ఇదే తప్పు వారం స్థాయిలో దాక్కుంటుంది. 420 పాటలు, గంటకు 5 అంటే చుట్టు 84 గంటలు, వారానికి సరిగ్గా రెండు చుట్లు. సోమవారం ఉదయం 8కి వచ్చిన పాట గురువారం రాత్రి 8కి, మళ్లీ సోమవారం ఉదయం 8కి వచ్చి కూర్చుంటుంది. 431 చేయండి. రెండు చుట్లకు 172.4 గంటలు పడుతుంది కాబట్టి వారం వారం నాలుగు గంటలకు పైగా జరుగుతుంది. మ్యూజిక్‌మాస్టర్, జీసెలెక్టర్ లాంటి షెడ్యూలర్ల (పాటల వరస వేసే సాఫ్ట్‌వేర్ల) నియమాలు ఈ వరసను కొంత చెదరగొడతాయి గానీ పూర్తిగా కాదు. మార్నింగ్ షోలో మాటలెక్కువ, పాటలు తక్కువ. అందుకే క్లాక్‌లో ఉన్న సంఖ్యతో కాదు, లాగ్‌లో రోజుకు నిజంగా ఎన్ని పడ్డాయో ఆ సంఖ్యతో భాగించండి.

గోల్డ్ వాటా పెంచలేదు, అయినా స్టేషన్ పాతగా వినిపిస్తోంది

కారణం: మూడు దశాబ్దాల పాటలూ ఒకే గోల్డ్ కేటగిరీలో ఉన్నాయి. షెడ్యూలర్‌కి 1991 పాటా గోల్డే, 2014 పాటా గోల్డే. స్టీల్ గిటార్, ఫిడిల్ నిండిన తొంభైల పాటలు రెండు పక్కపక్కన పడితే ఆ పది నిమిషాల్లో రేడియో పెట్టినవాడికి అది క్లాసిక్ కంట్రీ స్టేషనే.

పరిష్కారం: గోల్డ్‌ని మూడు ముక్కలు చేయండి: 1989–1999, 2000–2009, 2010 తర్వాత. గంటకు 2, 1, 2. గాయకులు గార్త్ బ్రూక్స్, క్లింట్ బ్లాక్ తొలి ఆల్బమ్‌లు 1989లో వచ్చాయి. నేటి శ్రోత తనదిగా భావించే శబ్దం దాదాపు అక్కడ మొదలవుతుంది. అంతకు ముందు తరం గాయకులు మెర్ల్ హాగర్డ్, వేలన్ జెన్నింగ్స్‌లను ఆదివారం ప్రత్యేక కార్యక్రమానికి ఉంచుకోవడమే మేలు. తొంభైల పాటకు రెండు వైపులా పవర్ గానీ రికరెంట్ గానీ ఉండాలి.

కళాకారుల ఎడం (ఒకే గాయకుడి రెండు పాటల మధ్య వ్యవధి) కూడా చూడండి. టిమ్ మెక్‌గ్రా లాంటివాళ్లు రెండు మూడు కేటగిరీల్లో ఉంటారు. ఎడం నియమం కేటగిరీకి కాకుండా పేరుకు, 75 నుంచి 90 నిమిషాలు పెట్టండి. మరీ బిగిస్తే షెడ్యూలర్ ఖాళీలు వదిలేస్తుంది. ఆ ఖాళీలను చేత్తో నింపేవాళ్లు ఎప్పుడూ తమకిష్టమైన పాత పాటనే పెడతారు.

కొత్త పాట రాగానే జనం జారుకుంటున్నారు

కారణం ఒక్కోసారి పక్క పాట: తెలియని పాట పక్కన మరో తెలియని పాట. ఇంకోసారి స్పిన్లు (పాట వేసే సార్లు) చాలకపోవడం. కొత్తవి 14 పెట్టి గంటకు ఒకటి వేస్తే వారానికి 12 సార్లు, అందులో కొన్ని అర్ధరాత్రి వేళ. పాట చెవికి ఎక్కేలోపే "నచ్చలేదు" అని తీసేస్తారు.

పరిష్కారం: కొత్తవి 5కి తగ్గించండి, ఒక్కోదానికి 33 స్పిన్లు పడతాయి. ముందు పవర్, వెనక రికరెంట్. ప్రకటనల తర్వాత మొదటి పాటగా కొత్తది వద్దు. శ్రోతలను లెక్కించే నీల్సన్ సంస్థ మీటర్లున్న నగరాల్లో, ఒక పావుగంట స్టేషన్ ఖాతాలో పడాలంటే 2025 నుంచి అందులో 3 నిమిషాలు విన్నా చాలు, శ్రోతలే డైరీలో రాసుకునే ఊళ్లలో 5 నిమిషాలు. బ్రేక్ తర్వాత తెలిసిన పాట ఉంటే ఆ నిమిషాలు దక్కుతాయి. కాల్‌ఔట్ సర్వేలో (శ్రోతలకు పాట ముక్కలు వినిపించి అడిగేది) పాట తెలుసన్నవాళ్లు నూటికి 70 దాటకముందు ఇష్టాయిష్టాల అంకెను పట్టించుకోకండి.

హిట్ పాట మీద విసుగు

కంట్రీ సింగిల్ చార్ట్‌లో పైకి ఎక్కడానికే ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. మొదటి స్థానానికి చేరేసరికే రోజంతా వినేవాళ్లకు మొహం మొత్తుతుంది. "విసిగిపోయాం" అన్నవాళ్లు 30 శాతం దగ్గర పడితే పవర్ నుంచి దించండి. నేరుగా గోల్డ్‌లో వేయకండి. రెండు మూడు వారాలు విశ్రాంతినిచ్చి రికరెంట్‌లో ఏడాదీ ఏడాదిన్నర తిప్పాక అప్పుడు గోల్డ్.

పాత పాట రాగానే శబ్దం తగ్గుతోంది

పాత సీడీల మాస్టరింగ్ మెత్తగా ఉంటుంది. లైబ్రరీ మొత్తాన్ని ఒకే లౌడ్‌నెస్ విలువకు సరిచేయండి. పీక్ చూసి సరిచేస్తే తేడా అలాగే ఉంటుంది. పాత పాటలు ఎక్కువగా ఫేడ్‌తో ముగుస్తాయి. సెగ్వే గుర్తు (తర్వాతి పాట మొదలయ్యే చోటు) మరీ చివర ఉంటే, శబ్దాన్ని సమం చేసే ప్రాసెసర్ ఆ తోకను పైకి లాగడంతో హిస్ (బుసలాంటి శబ్దం) వినిపిస్తుంది. గుర్తును రెండు మూడు సెకన్లు ముందే పెట్టండి.

మహిళల పాటలు షెడ్యూల్ కావట్లేదు

షెడ్యూలర్ నియమాల జాబితాలో వెతికితే "ఇద్దరు గాయనులు పక్కపక్కన వద్దు" అన్న పాత గీత ఇంకా బతికే ఉంటుంది. 2015లో ఒక కన్సల్టెంట్ గాయనులను సలాడ్‌లో టమాటాలతో పోల్చి దుమారం రేపింది ఈ అలవాటును సమర్థిస్తూనే. దాన్ని తొలగించండి. టెంపో, దశాబ్దం, పేరు ఎడం – ఈ మూడు నియమాలు చాలు. తీసేశాక వారం లాగ్‌లో ఖాళీలు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టండి.