చిన్నప్పుడు తలకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నోళ్లు పెద్దయినంక ఏమేం చూపించుకోవాలె

నేను హన్మకొండల బట్టలు కుడుత. మా తమ్ముని ప్యాంట్లు ఎప్పుడూ నా మిషిన్ మీదనే. 2019ల వాని నడుము 32 అంగుళాలని పుస్తకంల రాసుకున్న. 2023 దసరాకు 38 వచ్చింది. తొడలు, చేతులు మాత్రం సన్నబడ్డయ్. తిని లావైతే అంతటా పెరగాలె గదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

వానికి ఆరేండ్లప్పుడు, 1998ల, రక్త క్యాన్సర్ వచ్చింది. మందులతోపాటు తలకు కరెంటు పెట్టిన్రు. రేడియేషన్‌ను మా ఇంట్ల అట్లనే అంటం. బతికి బయటపడ్డడు, అదే మాకు పండుగ. పెండ్లి సంబంధాలు మొదలైనంక ఆ మాట దాచినం. దాచీ దాచీ డాక్టర్లకు సుత చెప్పుడు మానేసినం. అలసట అని పోతే ఒక క్లినిక్‌ల పొట్ట తగ్గించుకొమ్మని పంపిన్రు. చిన్నప్పటి జబ్బుల గురించి వాళ్లు అడగలే, మేం చెప్పలే.

అందుకే మొదటి పని పాత కాగితం వెతుకుడు. మాది అమ్మ ట్రంకు పెట్టెల చీరల కింద దొరికింది: తలకు 18 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 10 సిట్టింగులు (అన్నిసార్లు పెట్టిన్రన్నట్టు). శరీరంల ఏ భాగానికి, మొత్తం ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగులు, ఏ ఏడు అన్నది తెలిస్తేనే ఏ పరీక్ష రాయాల్నో డాక్టరుకు తెలుస్తది. కాగితం లేకుంటే చికిత్స చేసిన ఆసుపత్రి రికార్డు సెక్షన్‌ల పేరు, ఏడు చెప్పి అడగండి. అక్కడ కూడ దొరకకుంటే మీకు యాదికున్నంత తెల్లకాగితం మీద రాసుకొని పోండి.

తలకు పెడితే మెదడు కింద హార్మోన్లు విడిచే పిట్యూటరీ గ్రంథి, దాన్ని నడిపించే హైపోథాలమస్ అనే మెదడు భాగం మెల్లమెల్లగ దెబ్బతినొచ్చు. అన్నిటికంటె ముందు తగ్గేది గ్రోత్ హార్మోను. పిల్లలైతే ఎత్తు సరిగ పెరుగరు. పెద్దోళ్లకు కండ కరిగి పొట్టల కొవ్వు చేరుతది, రక్తంల కొవ్వు పెరుగుతది. నా టేపు చూపెట్టింది అదే. మెడకు పెట్టినోళ్లకు థైరాయిడ్ తగ్గొచ్చు. కడుపుకు పెట్టినా, మజ్జ మార్పిడికి ముందు ఒళ్లంతా పెట్టినా షుగర్ వచ్చే అవకాశం పెరుగుతది, మనిషి సన్నగ ఉన్నా సరే. ఇరువై ఏండ్లకు సుత ఇవి బయటపడొచ్చు.

నడుము కొలుచుడు నా పని కాబట్టి గట్టిగ చెప్త. ప్యాంటు కట్టే జాగ కాదు. ఆఖరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడుమ, బట్ట లేకుండ, ఊపిరి వదిలినంక కొలవాలె. పొట్ట లోపలికి గుంజొద్దు, టేపు బిగపట్టొద్దు. మన దేశపోళ్లల్ల మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలె.

పరిగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), రక్తంల కొవ్వులన్నీ చూపే లిపిడ్ ప్రొఫైల్, బీపీ చూపించుకోండి. పరిగడుపు షుగర్ 100 నుంచి 125 అంటే షుగర్ గడప మీద ఉన్నట్టు. రెండోసారి చేసినా 126కు తగ్గకుంటే షుగరే. ట్రైగ్లిజరైడ్లు (రక్తంల ఒక రకం కొవ్వు) 150 లోపల ఉండాలె. మావోనికి షుగర్ 118, ట్రైగ్లిజరైడ్లు 290.

థైరాయిడ్ దగ్గర చానమంది మోసపోతరు. తలకు పెట్టినోళ్లు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోను) ఒక్కటే చూసి ఊకోవద్దు. పిట్యూటరీ దెబ్బతింటే టీఎస్‌హెచ్ మంచిగనే కనపడి ఫ్రీ టీ4 (థైరాయిడ్ విడిచే హార్మోను) తక్కువ ఉండొచ్చు. రెండూ రాయమని అడగండి. పిట్యూటరీ మీద అనుమానం ఉంటే థైరాయిడ్ గోళీ మొదలుపెట్టకముందే పొద్దున 8 గంటలకు కార్టిసోల్ (ఒంటికి ఒత్తిడిని తట్టుకునే బలమిచ్చే హార్మోను) చూడాలె. అది తక్కువున్న మనిషికి ముందుగాల థైరాయిడ్ గోళీ ఇస్తే ప్రాణం మీదికి రావొచ్చు. ఇదంతా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చూసుకునే పని. సొంతంగ గోళీలు కొనొద్దు.

థైరాయిడ్ గోళీ రాస్తే పరిగడుపున నీళ్లతోటి మింగి, చాయ్‌కి అరగంట నుంచి గంట ఆగండి. క్యాల్షియం, ఐరన్ గోళీలకు నాలుగు గంటల ఎడం ఉండాలె.

మా తమ్ముడు కొవ్వుకు గోళీ వేసుకుంటుండు. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తడు. కండ పెరగాలంటే నడక ఒక్కటే సరిపోదని డాక్టరు చెప్తే బరువులు సుత ఎత్తుతుండు. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, పప్పు తింటుండు. మొన్న కొలిస్తే నడుము 36 వచ్చింది.

ట్రంకు పెట్టెల కాగితం ఇప్పుడు ప్లాస్టిక్ కవర్ల ఉంది. దాని ఫొటో వాని ఫోన్ల, నా ఫోన్ల రెండిట్ల పెట్టుకున్నం. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పంటి నొప్పికి పోయినా సరే, ముందుగాల అదే చూపెడుతుండు.