పాత ఆంప్లిఫయర్‌కి డిజిటల్ ప్లేయర్ కలిపితే వచ్చిన హమ్ ఇలా పోయింది

నాన్నగారి స్టీరియో ఆంప్లిఫయర్‌కి మ్యూజిక్ ప్లేయర్, డాక్ (DAC, డిజిటల్ సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) కలిపినప్పటి నుంచి పాట ఆగగానే స్పీకర్లలో గుయ్‌మని ఒకటే హమ్. ఆడియో కేబుళ్లు, ప్లగ్ పాయింటు, అడాప్టర్ అన్నీ మార్చాను, లాభం లేదు.

చివరికి ఒక్కో వైరూ పీకి చూశాను. ప్లేయర్‌కీ డాక్‌కీ మధ్య యూఎస్‌బీ కేబుల్ తీయగానే నిశ్శబ్దం! అంటే గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్ వైర్లు ఒకటికి మించిన దారుల్లో కలిసి వలయంలా ఏర్పడి, అందులో పారే కరెంటు హమ్‌గా వినిపించడం). ఆంప్ ఆపేసి, యూఎస్‌బీ కేబుల్ బదులు ఆప్టికల్ కేబుల్ పెట్టాను (రెండు కొసలకూ ఉండే చిన్న మూతలు తీయడం మరవద్దు). అందులో వెళ్లేది వెలుగే, కరెంటు కాదు కాబట్టి లూప్ తెగిపోయింది. డాక్‌లో ఇన్‌పుట్ ఆప్టికల్‌కి మార్చాను. 192 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారో చెప్పే లెక్క) ఉన్న ఫైళ్లు మాత్రం పలకలేదు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ శాంపుల్ రేటు 96కి దించాక అవీ మోగాయి.

అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. ప్లేయర్, డాక్ పూర్తిగా పీకేసినా హమ్ ఉంటే, లోపం ఆంప్‌లోనే ఉండొచ్చు. ఎర్త్ పిన్ మాత్రం దయచేసి తీయకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.