తల్లి ఈగ గుడ్డులో పెట్టే కాపలా కళ్ళారా చూడాలంటే ఈ క్రాస్ చెయ్యండి
జంపింగ్ జీన్స్, అంటే డీఎన్ఏలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి గెంతే ముక్కల గురించి క్లాసులో విని వదిలేసినవాళ్ళు ఈ క్రాస్ (రెండు రకాల ఈగల్ని జతకట్టించడం) ఒక్కసారి చేసి చూడాలి. కావల్సింది డ్రోసోఫిలా (పండ్ల ఈగ) స్టాక్స్ రెండు, అంటే ల్యాబ్‌లో పెంచే రకాలు: పి ఎలిమెంట్ అనే జంపింగ్ జీన్ ఉన్న హార్విచ్, అది అసలు లేని కాంటన్-ఎస్. పి ఎలిమెంట్ 20వ శతాబ్దం మధ్యలో విల్లిస్టోనై అనే వేరే జాతి నుంచి ఈ ఈగల్లోకి వచ్చింది, కాంటన్-ఎస్‌ని అంతకుముందే పట్టి ల్యాబ్‌లో పెంచుతున్నారు కాబట్టి దానికి అంటలేదు.

ముందు రెండు స్టాక్స్‌లోనూ వర్జిన్ (ఇంకా జతకట్టని) ఆడ ఈగల్ని ఏరుకోండి, 25 డిగ్రీల దగ్గరైతే ప్యూపాలోంచి బయటికొచ్చిన 8 గంటల్లోపే ఏరెయ్యాలి, ఒళ్ళు పాలిపోయి పొట్టలో నల్లచుక్క కనపడితే అప్పుడే పుట్టినవి. ఇక్కడ మాత్రం తొందరొద్దు, ముందే జతకట్టినవి కలిస్తే లెక్కంతా పోద్ది.

ఒక వయల్‌లో (ఈగల్ని పెంచే చిన్న సీసా) కాంటన్-ఎస్ ఆడవి, హార్విచ్ మగవి. రెండోదాంట్లో తిరగేసి. లేబుల్ మీద ఆడది ముందు రాయడం అలవాటు చేసుకోండి. రెండూ 29 డిగ్రీల్లోనే పెట్టాలి, వేడి తగ్గితే తేడా సరిగ్గా తెలీదు. పిల్లల్లో ఆడవాటికి ఈస్ట్ పేస్ట్ పెట్టి మూడు నాలుగు రోజులు ఆగి, పొట్ట కోసి ఓవరీలు (అండాశయాలు) చూడండి. మొదటి వయల్‌వి చాలావరకు ఎండిపోయి ఉంటాయి, గుడ్డు కనపడదు, రెండోదాంట్లో నిండా గుడ్లే!

నాకు దీంట్లో ఎప్పటికీ ఆశ్చర్యం తగ్గదు, ఎందుకంటే రెండు వయల్స్‌లోనూ ఆడపిల్లల క్రోమోజోములు ఒకటే, మారింది ఏది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అంతే. హార్విచ్ తల్లి గుడ్డులో పివీ, ఆబర్జిన్ ప్రోటీన్లు పట్టుకున్న చిన్న ఆర్ఎన్ఏలు పెట్టి పంపిస్తది, వీటినే పైఆర్ఎన్ఏలు అంటారు, సుమారు 23 నుంచి 29 అక్షరాలుంటాయి. అవి పి ఎలిమెంట్ ఆర్ఎన్ఏని గుర్తుపట్టగానే ఆబర్జిన్ దాన్ని కోసేస్తది, ఆ ముక్కల్లోంచే ఆగో3 సాయంతో కొత్త పైఆర్ఎన్ఏలు పుడతాయి, అటు పివీ న్యూక్లియస్‌లోకెళ్ళి ఆ జీన్ చదవకుండానే ఆపేస్తది. వీర్యకణంలో ఈ సరుకు రాదు. తల్లికి పి లేకుండా తండ్రి నుంచి మాత్రమే పి వచ్చిందంటే కాపలా లేని గుడ్డులో పడ్డట్టే, అది గెంతుతూ డీఎన్ఏని తెంపుతుంటే జెర్మ్ సెల్స్ (గుడ్లు తయారయ్యే కణాలు) చచ్చిపోతాయి. తల్లిచ్చే పైఆర్ఎన్ఏలే ఇక్కడ తేడా తెస్తున్నాయని 2008లో బ్రెన్నెక్, హానన్ వాళ్ళ టీమ్ చూపించింది.

ఓపికుంటే మొదటి క్రాస్‌నే ఇంకో వయల్‌లో 29 కన్నా తక్కువ వేడిలో పెంచి, ఆ ఆడపిల్లల్ని పారెయ్యకుండా మూడు వారాలు ఉంచండి. తండ్రి నుంచి వచ్చిన డీఎన్ఏ నుంచే మెల్లగా సొంత పైఆర్ఎన్ఏలు తయారై, కొన్ని మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.