వాన నీటిని చదవడం, 4వ పాఠం: పీహెచ్ 7 వచ్చిందని సంబరపడొద్దు

పోయిన పాఠంలో చెప్పినట్టు మిద్దె మీద స్టూలు వేసి టబ్బు పెట్టుకున్నవాళ్లు ఈపాటికి ఒకటో రెండో వానలు పట్టే ఉంటారు. పట్టనివాళ్లు ఫికర్ చేయకండి, మృగశిర పోయినా ఇంకా ఆరుద్ర ఉంది. ఈసారి కొలతల పని మొదలుపెడదాం.

ముఖ్యంగా కావలసినవి మూడు. నీళ్లు ఎంత పుల్లగా ఉన్నాయో చెప్పే, పెన్నులా ఉండే పీహెచ్ మీటరు (అంకె 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు), ఆర్వో ప్లాంటు వాళ్లు నీళ్లలో ముంచి చూపించే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులు మొత్తం ఎన్నో చెబుతుంది), ఇన్వర్టర్‌లో పోసే, ఉప్పులు తీసేసిన బ్యాటరీ వాటర్ ఒక లీటరు. పీహెచ్ కాగితాలు వద్దు. వాన నీళ్లలో కరిగిన ఉప్పులు చాలా తక్కువ, కాబట్టి కాగితానికి పూసిన రంగే ఆ నీటి పీహెచ్‌ను అటో ఇటో లాగేస్తుంది. మందారం రసం, శంఖుపూల రసం కూడా అంతే, నిమ్మరసానికీ సబ్బునీళ్లకీ తేడా చూపించడానికి పిల్లలకు చాలా బాగుంటాయి గానీ మన పనికి సరిపోవు.

ముందు బ్యాటరీ వాటర్‌నే కొలవండి. గ్లాసులో పోసి మూత పెట్టకుండా రెండు మూడు గంటలు వదిలేయండి. మంచి నీళ్లయితే టీడీఎస్ 0 లేదా 1 చూపిస్తుంది. పీహెచ్ 7 వస్తుందని అనుకుంటారు, రాదు, మెల్లగా దిగుతూ 5.6 దగ్గరికి వస్తుంది. మీటరు చెడిపోయిందని టెన్షన్ పడకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ (పాత పాఠ్యపుస్తకాల్లో దీన్ని బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లు, నాకు ఆ పేరే ఇష్టం, పులుపు సంగతి పేరులోనే ఉంది) నీటిలో కరిగి పలచని ఆమ్లం అవుతుంది. అంటే పొగ, దుమ్ము ఏమీ లేని చోట పడే వాన కూడా కొంచెం పుల్లగానే ఉంటుంది. మన వానను 7తో కాకుండా 5.6తో పోల్చాలి. ఇంకో సంగతి, పీహెచ్ ఒక్క అంకె దిగితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 5.6కీ 4.6కీ మధ్య తేడా చూడటానికి చిన్నదే, లెక్కలో పది రెట్లు.

ఇప్పుడు వాన. మొగులు పట్టి గాలిదుమారం లేచినప్పుడే టబ్బు బయట పెట్టకండి, దుమ్మంతా అందులోనే పడుతుంది. చినుకులు మొదలయ్యాక, బ్యాటరీ వాటర్‌తో కడిగిన టబ్బు పెట్టి, నిండిన కొద్దీ విడివిడిగా సీసాల్లోకి పోయండి. అడుగున్నర వెడల్పు టబ్బులో ఒక్క మిల్లీమీటరు వానకు సుమారు 160 మిల్లీలీటర్లు పడతాయి, అంటే దాదాపు ఒక గ్లాసు. అలా మొదటి గ్లాసు, రెండో గ్లాసు, మూడో గ్లాసు అని చీటీ అంటించి, వాన ఆగిన వెంటనే కొలవండి. రేపటికి ఉంచితే దుమ్ము కరుగుతూనే ఉంటుంది, నీటిలోని సూక్ష్మజీవులు కొన్ని ఆమ్లాలను తినేస్తాయి, అంకెలు మారిపోతాయి. పీహెచ్ మీటరును ముందు 4, 7 బఫర్ ద్రావణాలతో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేసుకుని, వాన నీళ్లలో పెట్టాక అంకె నిలబడేదాకా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి.

ఊహకు ఇలా అనుకుందాం. మొదటి గ్లాసు పీహెచ్ 7, టీడీఎస్ 40. మూడో గ్లాసు పీహెచ్ 5.8, టీడీఎస్ 6. ఏది శుభ్రమైన వాన? చాలామంది మొదటిదే అంటారు, ఎందుకంటే 7 అంటే మంచి నీళ్లని బడిలో చదువుకున్నాం కాబట్టి. కానీ మూడోదే శుభ్రమైనది.

ఇంట్లో చింతపండు పులుసు మరీ పుల్లగా అయిందనుకోండి, అందులో చిటికెడు వంటసోడా వేస్తే బుసబుసమని పొంగి పులుపు చస్తుంది. చింతపండు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది, పైగా సోడా కూడా చేరింది. మన ఆకాశంలో జరిగేది అచ్చం ఇదే. బొగ్గు, డీజిల్ మండిన చోట సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. మబ్బులోని నీటిబిందువు ఒక చిన్న ప్రయోగశాల లాంటిది. సల్ఫర్ డయాక్సైడ్ అందులో కరగగానే, గాలిలో సహజంగా ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. ఒక్క వాన చినుకు కావాలంటే అలాంటి మబ్బు బిందువులు దాదాపు పది లక్షలు కలవాలి, కానీ మబ్బు బిందువుల్లో ఎక్కువ భాగం చినుకు కాకుండానే ఆరిపోయి సల్ఫేట్ కణాలను గాలిలో వదిలేస్తాయి, ఆ కణాల మీదే మళ్లీ ఇంకో మబ్బు పుడుతుంది. చినుకు మబ్బులోంచి కిందికి వచ్చేటప్పుడు దారిలో ఉన్న దుమ్మును కూడా ఊడ్చుకొస్తుంది. రోహిణి కార్తెలో లేచిన దుమ్ములోని సున్నం, సిమెంటు దుమ్ములోని సున్నం ఆ ఆమ్లాన్ని చంపి కాల్షియం సల్ఫేట్‌గా, అంటే జిప్సంగా మారుస్తాయి. పీహెచ్ 7కి వస్తుంది, సల్ఫేట్ మాత్రం అలాగే ఉంటుంది. టీడీఎస్ మీటరు చూపించే అంకెలో అది కూడా కలిసి ఉంటుంది.

మన నల్గొండ జిల్లాలో ఇది బాగా అర్థమవుతుంది. కృష్ణా ఒడ్డున వాడపల్లి వైపు సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, అదే దామరచర్ల మండలంలో వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. ఆమ్లం పుట్టించే బొగ్గు, ఆమ్లాన్ని చంపే సున్నం, రెండూ ఒకే మండలంలో. సున్నపురాయి ఆమ్లాన్ని ఎలా చంపుతుందో కళ్లారా చూడాలంటే, ఇంట్లో వాడగా మిగిలిన షాబాద్ బండ ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఆగి తుడవండి, నునుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది.

అమ్మోనియా కూడా ఆమ్లాన్ని చంపుతుంది. వరి పొలాల్లో చల్లిన యూరియా నుంచి, పశువుల కొట్టాల నుంచి అది లేస్తుంది. కానీ ఇక్కడ ఆమ్లం చావు తాత్కాలికం. రెండూ కలిసి ఏర్పడిన అమ్మోనియం సల్ఫేట్ చెలకలో పడ్డాక అక్కడి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తూ మళ్లీ ఆమ్లాన్ని వదులుతుంది. 1852లోనే రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త మాంచెస్టర్ చుట్టూ వాన నీళ్లు పట్టి ఇలాంటిదే చూశాడు: ఊరి నడుమ సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఊరి చివర అమ్మోనియం సల్ఫేట్, దూరాన పొలాల్లో అమ్మోనియం కార్బొనేట్. ఆమ్ల వర్షం అన్న మాటను 1872లో ప్రచారంలోకి తెచ్చింది కూడా ఆయనే.

టీడీఎస్ అనే ఈ రెండో అంకె గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మా అమ్మమ్మది మర్రిగూడ వైపు. వాళ్ల బోరు నీళ్లు తేటగా, రుచిగా ఉండేవి, అందరూ మంచి నీళ్లే అనుకున్నారు, అందులోని ఫ్లోరైడ్ ఆమె మోకాళ్లను, వెన్నును పట్టేశాక గానీ ఎవరికీ తెలియలేదు. తేటగా ఉంటే చాలనుకోవడం ఎంత ప్రమాదమో, పీహెచ్ 7 ఉంటే చాలనుకోవడమూ అంతే. అలాగే టీడీఎస్ తక్కువ ఉందని ఈ నీళ్లు తాగేయకండి, సీసం లాంటి లోహాలు, క్రిములు ఈ మీటర్లకు కనిపించవు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. పీహెచ్ 7, టీడీఎస్ 40 వచ్చినప్పుడు అది చచ్చిన ఆమ్లమా, ఉత్త చెలక దుమ్మేనా? మన రెండు మీటర్లూ చెప్పలేవు. సల్ఫేట్ ఉందో లేదో చూడాలి, దానికి బేరియం క్లోరైడ్ అనే రసాయనం కావాలి. అది విషం, ఇంట్లో పెట్టుకోవద్దు, డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ పక్కన ఉండగా చేద్దాం. అందుకని వచ్చే వానకు రెండు టబ్బులు పెట్టి మొదటి అర లీటరు నీళ్లు విడిగా పట్టండి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి, అందులోని సల్ఫేట్ చిక్కబడేలా స్టీలు గిన్నెలో సన్నని మంట మీద పదో వంతు మిగిలేదాకా, అంటే 50 మిల్లీలీటర్లకు మరిగించండి. చల్లారాక సీసాలో పోసి తేదీ, గంట, గాలి ఏ దిక్కు నుంచి వీచిందో రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. బ్యాటరీ వాటర్ అర లీటరును కూడా అలాగే వడకట్టి, అదే గిన్నెలో మరిగించి ఇంకో సీసాలో ఉంచండి, గిన్నె నుంచి ఏమైనా దిగిందా అన్నది 5వ పాఠంలో దాన్ని బట్టే తేలుతుంది.